హార్వెల్ వాళ్ళ ఇంటి ముందు కారు ఆపొద్దు

ఆ ఇంటి ముందు కారు ఆపకూడదు. తప్పనిసరై ఆపినా, హెడ్‌లైట్లు ఆ ఇంటి మీద పడనివ్వకూడదు.

డర్హమ్ నుంచి మోరిస్‌విల్ వచ్చే పాత రోడ్డులో, రైలు పట్టాలు దాటాక, వాగు ఇంకా రాకముందు కుడిపక్కన ఉండేది ఆ ఇల్లు. ఒంటరి చెక్క ఇల్లు. వెనకాల కూలిపోతున్న పొగాకు కొట్టం, చుట్టూ పైన్ చెట్లు. పట్టాలకీ వాగుకీ మధ్య ఇంకో కొంప లేదు, పక్కదారి లేదు. కరెంటు తీసేసి ఏళ్ళయింది. పగలు చూస్తే మామూలు పాడుబడ్డ ఇల్లే.

రాత్రిపూట మాత్రం — అందులోనూ ఏప్రిల్ నెలలో — ఏ కారైనా ఆ వాకిట్లోకి తిరిగిందా... లోపల ఎక్కడో మిణుకుమంటున్న దీపం ఒకటి టక్కున ఆరిపోతుందట. ఆ వెంటనే తలుపు వెనక నుంచి ఒక ఆడగొంతు. సన్నగా, అరిగిపోయినట్టు. ఏడుపూ కాదు, కోపమూ కాదు...

"రాంగ్ హౌస్."

అంతే. ఒక్కసారే.

టైరు మార్చుకోవడానికి అక్కడ ఆగిన సేల్స్‌మన్ ఒకడు ఆ మాట విని, జాకీ, పాత టైరు, టోపీ అన్నీ అక్కడే వదిలేసి మూడు చక్రాల మీద ఈడ్చుకుంటూ పోయాడని చెప్పుకునేవారు. నిజమో అబద్ధమో గానీ, ఆ టైరు మాత్రం చాలా కాలం ఆ గట్టు మీదే పడి ఉండేది.

ప్రేమజ్యోతికి ఈ సంగతి చెప్పింది ఎర్లీన్. డర్హమ్‌లో ఇద్దరూ ఒకే ఆసుపత్రిలో, ఒకే వార్డులో పని. ప్రేమజ్యోతిది నరసాపురం. మిషన్ ఆసుపత్రిలో నర్సింగ్ చదువుకుని, డెబ్భై మూడులో భర్త సుందర్ రాజ్‌తో, ఎనిమిదేళ్ళ కొడుకు ఆమోసుతో అమెరికా వచ్చి, మోరిస్‌విల్‌లో కాపురం పెట్టింది. ఎర్లీన్ అక్కడే పుట్టి పెరిగిన మనిషి. ఎవరి కథ అడిగినా పూసగుచ్చినట్టు చెప్తుంది.

"ఆ ఇంటి పిల్లాడు డ్వైట్. నాకు తెలుసు ఆ పిల్లాణ్ణి. ఇరవయ్యేళ్ళు. డ్రాఫ్ట్ అని బలవంతంగా సైన్యంలోకి తీసుకుపోయారు. ఫిరంగుల దగ్గర వేశారు. వియత్నాంలో పోయాడు. అరవై ఎనిమిదిలో..."

"అయ్యో. మరి తల్లిదండ్రులు?"

"తండ్రి పోయాడు. తల్లికి మతిపోయింది, ఆమె కూడా పోయిందన్నారు. కానీ..." ఎర్లీన్ గొంతు తగ్గించింది. "ఆ కబురు తెచ్చింది ఒక కారు, తెలుసా? అప్పట్నుంచీ ఆమెకి కారంటే పడదు. చచ్చినా పడదు. అందుకే చెప్తున్నా జ్యోతీ — ఆ రోడ్డున వెళ్ళకు. వెళ్ళినా ఆగకు."

ప్రేమజ్యోతి నవ్వేసింది. ప్రార్థన చేసుకునే మనిషికి దెయ్యాలేమిటి అంది. అన్నదే గానీ, ఆ రోజు నుంచీ పాత రోడ్డు మానేసింది.

*

అది ఎనభై మూడు, ఏప్రిల్. రెండు రోజులుగా వాన.

ఆ నెలలో ప్రేమజ్యోతి మనసులో ఒక ముల్లు ఉంది. ఇంట్లో ఎవరికీ తెలియదు.

పదిరోజుల కిందట ఆమోసుకి పద్దెనిమిది నిండాయి. ఆ వారమే వాడి పేరున గవర్నమెంటు ఉత్తరం ఒకటి వచ్చింది. పద్దెనిమిది నిండిన మగపిల్లలందరూ పోస్టాఫీసుకి వెళ్ళి, డ్రాఫ్ట్ కోసం పేరు రాయించుకోవాలి. ముప్పై రోజుల్లోగా. లేకపోతే కాలేజీకి సాయం రాదు, జైలు కూడా పడొచ్చు. ఇప్పుడు యుద్ధం లేదు, ఎవర్నీ తీసుకుపోవడం లేదు, పేరు మాత్రమే — అని ఆ కాగితమే చెప్తోంది.

కానీ ప్రేమజ్యోతి పని చేసేది మాజీ సైనికుల వార్డులో. ముప్పై అయిదేళ్ళు నిండని మగవాళ్ళకి ఆమె స్నానాలు చేయించింది. లేని కాలు దురద పెడుతోందని అర్ధరాత్రి ఏడ్చినవాణ్ణి చిన్నపిల్లాణ్ణి ఊరుకోబెట్టినట్టు ఊరుకోబెట్టింది. వాళ్ళందరూ కూడా మొదట పేరు రాయించుకున్నవాళ్ళే కదా...

ఆ ఉత్తరం తీసి, గ్రైండర్ వచ్చిన అట్టపెట్టె అడుగున పెట్టేసింది. భర్తకి చెప్పలేదు. కొడుక్కి చెప్పలేదు. రోజూ లెక్క మాత్రం పెట్టుకుంటోంది — ఇంకా ఇరవై ఒక్క రోజులు, ఇంకా ఇరవై...

ఆ రాత్రి పదకొండింటికి డ్యూటీ దిగి బయటకి వచ్చేసరికి, పెద్ద రోడ్డు మీద యాక్సిడెంట్ అయింది, రోడ్డు మూసేశారు అన్నాడు గేటు దగ్గర గార్డు.

"ఎంతసేపు?"

"ఏమో మేడమ్. రెండు గంటలు పట్టొచ్చు. పాత రోడ్డున పోండి, వాగు మీద వంతెన ఉందిగా."

ప్రేమజ్యోతి స్టీరింగ్ పట్టుకుని ఒక నిమిషం ఆలోచించింది. పొద్దున్నే ఆమోసుకి పరీక్ష, వాణ్ణి లేపాలి. ఛ, ఏం దెయ్యం... అనుకుని పాత రోడ్డు వైపు తిప్పింది.

*

పట్టాలు దాటేదాకా బాగానే ఉంది.

దాటాక దీపస్తంభాలు లేవు. వైపర్లు కొట్టుకుంటున్నాయి గానీ అద్దంలోంచి ఏమీ కనపడటం లేదు. కుడిపక్కన ఆ ఇల్లు వస్తుందని తెలుసు. చూడకూడదనుకుంది. చూడలేదు కూడా. నోటికొచ్చిన కీర్తన ఏదో పాడుకుంటూ, రోడ్డు మధ్య గీత మీదే చూపు పెట్టి దాటేసింది.

హమ్మయ్య అనుకుంది.

అర మైలు పోయాక — వంతెన లేదు. అంటే ఉంది, కానీ నీళ్ళ కింద ఉంది. వాగు రోడ్డు మీదకి ఎక్కి హోరుమంటోంది. ముందు చక్రాలు నీళ్ళలోకి దిగాక గానీ ఆమెకి తెలియలేదు. గబగబా రివర్స్ చేసింది. ఇంజన్ రెండు సార్లు దగ్గింది. ఎలాగో కారు తిప్పుకుంది.

మళ్ళీ అదే దారి. మళ్ళీ అదే ఇల్లు... ఈసారి ఎడమ పక్కన.

సరిగ్గా అక్కడికి వచ్చేసరికి ఇంజన్ ఆగిపోయింది.

పాత డాడ్జ్ బండి. తోసుకొచ్చిన ఊపు ఇంకా ఉంది. రోడ్డు మధ్యలో ఆగితే ఎదురొచ్చే బండి ఏదైనా గుద్దేస్తుందన్న భయంతో పక్కకి తిప్పింది. ఎర్రమట్టి బురద. బండి జారింది... జారి, జారి, వాకిట్లోకి తిరిగి ఆగింది.

హెడ్‌లైట్లు రెండూ తిన్నగా ఆ ఇంటి మీద పడ్డాయి.

ముందు వసారా. విరిగిన మెట్టు. ఒక కిటికీ. కిటికీ లోపల — పసుపుపచ్చగా, చిన్నగా — ఒక దీపం.

ఆరిపోయింది.

ప్రేమజ్యోతి తాళం తిప్పింది. కిర్రు... కిర్రు... అంతే. మళ్ళీ తిప్పింది. హెడ్‌లైట్లు ఆపాలని తోచింది గానీ, ఆపితే చీకట్లో ఆ ఇంటితో తనొక్కతే మిగులుతుంది. చెయ్యి రాలేదు.

వాన చప్పుడులోంచి...

"రాంగ్ హౌస్."

విన్నది. ఎర్లీన్ చెప్పినట్టే. సన్నగా, అరిగిపోయినట్టు.

"ప్రభువా..." అంది ప్రేమజ్యోతి. పైకి అన్నదో, లోపల అనుకున్నదో ఆమెకే తెలియదు. కారు తలుపులు నాలుగూ లాక్ చేసింది. కాళ్ళు సీటు మీదకి లాక్కుంది, చిన్నపిల్లలాగా.

అప్పుడు వినపడింది ఇంకో చప్పుడు. ధబ్. ఏదో బరువైంది పడినట్టు. ఆ వెంటనే ఒక మూలుగు.

ఆ మూలుగు వేరు. పదిహేడేళ్ళుగా రాత్రిళ్ళు వార్డుల్లో తిరిగిన చెవి ఆమెది. నొప్పి ఎక్కడుందో మూలుగుని బట్టి చెప్పగలదు. భయపెట్టేవాళ్ళు అలా మూలగరు... పడ్డవాళ్ళు మూలుగుతారు.

ఒక నిమిషం కూర్చుంది. రెండు నిమిషాలు కూర్చుంది. మూలుగు ఆగలేదు.

"దెయ్యమైనా సరే, నొప్పంటే నొప్పే," అనుకుందట ఆమె. డాష్‌బోర్డులోంచి టార్చిలైటు తీసుకుని కారు దిగింది.

*

తలుపు తోస్తే తెరుచుకుంది.

కిరసనాయిలు వాసన. చెమ్మ. టార్చి వెలుగులో ఒక మడత కుర్చీ... మీద దుప్పటి... నేల మీద అప్పుడే ఆరిపోయిన లాంతరు, ఇంకా పొగ వస్తోంది. దాని పక్కన — తెల్లజుట్టు.

ముసలామె ఒకతె బోర్లా పడి ఉంది. లాంతరు ఆర్పి చీకట్లో వెనక్కి జరగబోయి కుర్చీ కాలు తట్టుకున్నట్టుంది.

ప్రేమజ్యోతి వంగింది. ఆమె ఎడమ మణికట్టు పట్టుకుంది. చల్లగా ఉంది. ఇంకా గట్టిగా నొక్కి చూసింది...

కొట్టుకుంటోంది. నాడి. వేగంగా, భయపడ్డ పిట్టలాగా.

ప్రేమజ్యోతికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. దెయ్యానికి నాడి ఉండదు కదా!

"భయపడకండి. నేను నర్సుని. కదలకండి."

"ఎంతమంది వచ్చారు?" అంది ముసలామె.

"నేనొక్కదాన్నే. కారు చెడిపోయింది."

"ఒక్కదానివేనా? ... నిజంగా?"

"ఒక్కదాన్నే అమ్మా."

అప్పుడు గానీ ఆమె ఒళ్ళు సడలలేదు. కుడి మణికట్టు వాచిపోయి ఉంది. ప్రేమజ్యోతి తన స్కార్ఫ్ చింపి, అక్కడున్న పత్రిక ఒకటి మడిచి దన్ను పెట్టి కట్టు కట్టింది. కుర్చీలో కూర్చోబెట్టి దుప్పటి కప్పింది. లాంతరు మళ్ళీ వెలిగించింది. ఆ వెలుగులో చూస్తే డెబ్భై దాటిన మామూలు మనిషి. శుభ్రమైన గౌను, స్వెట్టరు, కాళ్ళకి తెల్ల మేజోళ్ళు.

ఆమె పేరు ఎస్టెల్ హార్వెల్. చచ్చిపోలేదు. భర్త పోయాక కూతురు గ్లెండా ఆమెని రాలీలో తన దగ్గరకి తీసుకుపోయింది. ఊళ్ళోవాళ్ళు కొన్నాళ్ళు కనపడకపోతే చంపేస్తారు కదా, అలా చంపేశారు. ఏటా ఏప్రిల్‌లో మూడు రాత్రులు మాత్రం ఇక్కడ దింపమని కూతురితో గొడవ పెట్టుకుంటుంది. గ్లెండా సాయంత్రం దింపి, తెల్లారాక వచ్చి తీసుకుపోతుంది.

"మరి కారొస్తే దీపం ఎందుకు ఆర్పేస్తారు? అందరూ ఏమనుకుంటున్నారో తెలుసా?"

"తెలుసు. అనుకోనీ. రాకుండా ఉంటారు."

వాన ఇంకా గట్టిపడింది. కారు కదలదు, ఫోను లేదు, ముసలామెని వదిలి నడిచి పోలేదు. ప్రేమజ్యోతి ఒక డబ్బా బోర్లించి దాని మీద కూర్చుంది. ఎవరు మొదలుపెట్టారో తెలియదు గానీ, మాటలు పిల్లాడి మీదకి మళ్ళాయి.

"డ్వైట్ పొగాకు కొట్టంలో పైదాకా ఎక్కేవాడు. నలభై అడుగులు. వాడు పడతాడనే నా భయమంతా. ఫిరంగి అంటే దూరం నుంచి పేల్చేదే కదా, ముందు వరసలో ఉండడు కదా అని సంతోషించాను కూడా... ఉత్తరం రాశాడు. అమ్మా, ఇక్కడ ఫిరంగి గుండ్లు అందించే పని నాది. ఒక్కో గుండూ మన గ్లెండా కూతుర్ని ఎత్తుకున్నంత బరువుంది, దాన్ని రోజుకి రెండొందల సార్లు ఎత్తుకుంటున్నాను, ఇంటికొచ్చాక ఒక్కసారి కూడా ఎత్తుకోను, ముందే చెప్పు దానికి — అని."

ఆమె నవ్వింది. చాలాసేపు అలాగే నవ్వు మొహంతో ఉండిపోయింది.

"ఆ రోజు మధ్యాహ్నం రెండున్నర. నేను పొగాకు నారుమడి మీద కప్పిన తెల్లగుడ్డ తీస్తున్నాను. కారు వచ్చింది. ఇద్దరు దిగారు. యూనిఫాంలో సైన్యం మనుషులు. రెండు తలుపుల చప్పుడు... ఠప్, ఠప్. ఎప్పుడూ ఇద్దరే వస్తారు, తెలుసా? ఒకడు చెప్పడానికి, ఒకడు పట్టుకోవడానికి."

"ఊఁ..."

"ఇది హార్వెల్ వాళ్ళ ఇల్లేనా మేడమ్ అన్నాడు. కాదు, రాంగ్ హౌస్ అన్నాను."

ప్రేమజ్యోతి జారిపోయిన దుప్పటి ఆమె భుజాల మీదకి లాగింది.

"ముందు వారమే లారీ ఏదో గుద్ది మా పోస్టుబాక్సు పడిపోయింది. పేరు లేదు బయట. వాళ్ళు నమ్మారు! కాగితం చూసుకున్నారు. క్షమించండి మేడమ్ అని టోపీ సర్దుకుని వెళ్ళిపోయారు. నేను లోపలకి వచ్చి, ఇదిగో ఇక్కడే కూర్చుని, వాడికి ఉత్తరం రాశాను. నారు బాగా వచ్చిందిరా అని. ఒక గంట పట్టింది వాళ్ళు మళ్ళీ రావడానికి. ఆ గంట... ఆ గంటసేపు వాడు బతికే ఉన్నాడు. నేను అడ్డం నిలబడి సంపాదించాను."

లాంతరు వత్తి చిటపటమంది.

"ఆ గంట కోసమే వస్తానిక్కడికి," అంది ముసలామె. తర్వాత చాలాసేపటికి, ఇంకా చిన్న గొంతుతో — "కానీ ఆ గంటలో వాళ్ళేం చేశారో తెలుసా? ఊళ్ళోకి వెళ్ళి అడిగారు. ఎరువుల కొట్టు దగ్గర మా ఆయన కనపడ్డాడు. అక్కడే చెప్పేశారు. బస్తాల మధ్య, పదిమందిలో... ఆయన ఒక్కడే విన్నాడు. నేను పక్కన లేను. ఆ తర్వాత తొమ్మిదేళ్ళు బతికాడు. నన్ను ఒక్క మాట అనలేదు. కానీ పిల్లాడి పేరు మళ్ళీ నా దగ్గర ఎత్తలేదు."

ప్రేమజ్యోతి కళ్ళ ముందు గ్రైండర్ అట్టపెట్టె మెదిలింది. ఏమీ తెలియకుండా ఇంట్లో పడుకుని ఉన్న ఇద్దరు మగవాళ్ళు మెదిలారు.

"నాకూ ఒక కొడుకున్నాడు," అంది.

అంతలో... గోడ మీద వెలుగు పాకింది.

*

హెడ్‌లైట్లు.

కిటికీలోంచి లోపలకి వచ్చి, ఎదుటి గోడ మీద నెమ్మదిగా జరిగి, ఆగాయి.

వాచీ చూసుకుంది ప్రేమజ్యోతి. పన్నెండున్నర. అమ్మయ్య, ఎవరో వచ్చారు! లేవబోయింది.

ముసలామె ఎడమచేత్తో ఆమె చెయ్యి పట్టేసింది. ఆ పట్టు ఆ ఒంటికి మించిన పట్టు. మరో చేత్తో... కట్టు కట్టిన చేత్తోనే... లాంతరు మూత నొక్కి ఆర్పేసింది.

"మీ గ్లెండా ఏమో..." గుసగుసగా అంది ప్రేమజ్యోతి.

"ష్..."

ఇంజన్ ఆగింది.

ఠప్.

ఠప్.

రెండు తలుపులు.

అడుగులు. బురదలో నడిచే అడుగులు కావు. పొడి నేల మీద, బూట్లతో, ఇద్దరూ ఒకే లయలో. వసారా మెట్టు దాకా వచ్చాయి.

"నేను లేవలేను," అంది ముసలామె చెవిలో. "నువ్వు చెప్పు... నీకు పుణ్యముంటుంది, నువ్వు వెళ్ళి చెప్పు."

ప్రేమజ్యోతి లేచింది. ఆమె అనుకున్నది — తలుపు తీసి, సహాయం చెయ్యండి, ఇక్కడ దెబ్బ తగిలిన మనిషి ఉంది అని చెప్దామనే. ఆ మాటలు నాలిక మీద పెట్టుకునే నడిచింది. తలుపు బెత్తెడు తీసింది.

వెలుగు కళ్ళలో కొట్టింది. ఆ వెలుగుకి ముందు రెండు నీడలు. పొడుగ్గా, నిటారుగా, తలల మీద టోపీలు. మొహాలు కనపడలేదు. ఒక సంగతి మాత్రం ఆమెకి అప్పుడు వింతగా తోచలేదు, తర్వాత తలుచుకుంటే తోచింది... ఇంటి కప్పు మీద వాన హోరెత్తుతోంది. ఆ వెలుగులో మాత్రం ఒక్క చినుకు లేదు.

"మేడమ్," అన్నాడు ఒకడు. మర్యాదగా, మెల్లగా. "అబ్బాయి తల్లి మీరేనా?"

ఏ అబ్బాయి అని అడగలేదు ఆమె. అడగాలనిపించలేదు. ఒళ్ళంతా కడవడు నీళ్ళు పోసినట్టు చల్లబడింది. నాలిక మీద పెట్టుకున్న మాటలన్నీ ఎటు పోయాయో...

"కాదు," అంది. "రాంగ్ హౌస్."

కాగితం మడత విప్పిన చప్పుడు. మళ్ళీ మడిచిన చప్పుడు.

"క్షమించండి మేడమ్."

అడుగులు వెనక్కి వెళ్ళాయి. ఠప్, ఠప్. వెలుగు గోడ మీద నుంచి జరిగి, చూరు మీదకి ఎక్కి, పోయింది.

తలుపు మూసి, దానికే వీపు ఆన్చి, కిందకి జారి కూర్చుండిపోయింది ప్రేమజ్యోతి. కాసేపటికి బుర్ర పని చేయడం మొదలుపెట్టింది. తిట్టుకుంది తనని తాను. ఎంత పిచ్చిపని! పోలీసులై ఉంటారు. వానలో చిక్కుకున్నవాళ్ళ కోసం తిరుగుతూ, రోడ్డు పక్క నా కారు చూసి వచ్చి ఉంటారు. నా కొడుకో, ఈమె కూతురో ఫోన్ చేసి ఉంటారు. వచ్చిన సహాయాన్ని చేతులారా పంపేశానే...

ముసలామె మాత్రం చీకట్లో ఆమె తల నిమిరింది.

"బాగా చెప్పావు," అంది.

*

ఇంకో గంటకి పైనే గడిచింది. అప్పుడు మళ్ళీ హెడ్‌లైట్లు వచ్చాయి. ఈసారి వెలుగు నిండా వాన. హారన్. బురదలో పరుగెత్తే కాళ్ళు.

"అమ్మా! అమ్మా! ఆర్ యూ ఇన్ దేర్?"

ఆమోసు. వాడి వెనక గొడుగు కూడా వెయ్యకుండా సుందర్ రాజ్. పన్నెండైనా రాకపోయేసరికి ఆసుపత్రికి ఫోన్ చేస్తే, పాత రోడ్డున వెళ్ళిందని గార్డు చెప్పాడట. మోరిస్‌విల్ వైపు నుంచి వస్తే వాగు మీద వంతెన మునిగిపోయి ఉండటంతో, పెద్ద రోడ్డు తెరిచాక చుట్టూ తిరిగి డర్హమ్ వైపు నుంచి వచ్చారు.

ప్రేమజ్యోతి కొడుకుని పట్టుకుని ఎంతసేపు వదల్లేదో! వాడు ఇబ్బందిగా నవ్వుతూ, "అమ్మా, ఐ కాంట్ బ్రీద్," అనేదాకా.

మిసెస్ హార్వెల్‌ని ఎమర్జెన్సీకి తీసుకెళ్ళక తప్పదని తేల్చారు. ఆమోసు ఆమెని రెండు చేతుల మీద ఎత్తుకుని వసారా దిగాడు. ఆమె వాడి మొహం హెడ్‌లైట్ల వెలుగులో తేరిపార చూసి, "ఎన్నేళ్ళు బాబూ నీకు?" అంది. వాడు చెప్పాడు. ఆమె మంచి చేత్తో వాడి చొక్కా గట్టిగా పట్టుకుంది.

వెనక సీట్లో ప్రేమజ్యోతి భుజం మీద తల పెట్టి ముసలామె కళ్ళు మూసుకుంది. సుందర్ రాజ్ బండి నడుపుతున్నాడు. ఆమోసు ముందు సీట్లో.

"ఆమోసూ, నీకో ఉత్తరం వచ్చింది రా. పోస్టాఫీసుకెళ్ళి పేరు రాయించుకోవాలంట... నేను దాచేశాను."

సుందర్ రాజ్ అద్దంలోంచి భార్య వైపు చూశాడు. "ఏం ఉత్తరం జ్యోతీ?"

"ఐ నో, అమ్మా," అన్నాడు ఆమోసు, రోడ్డు వైపే చూస్తూ. "స్కూల్లో కూడా చెప్పారు. ఆ బాక్స్‌లో చూశాను. నువ్వు చెప్తావ్ అని వెయిట్ చేస్తున్నాను."

"చూసి కూడా అడగలేదేంరా?"

"నువ్వు రాత్రి ఏడ్చావ్ కదా. విన్నాను."

ఆ తర్వాతి సోమవారం ముగ్గురూ కలిసే పోస్టాఫీసుకి వెళ్ళారు. ఆమోసుని ఎవరూ ఏ యుద్ధానికీ పిలవలేదు. ఫార్మసీ చదివాడు. మిసెస్ హార్వెల్ చెయ్యి అతుక్కుంది. మరుసటి ఏప్రిల్‌లో ఆమె ఆ ఇంటికి వెళ్ళలేదు, ప్రేమజ్యోతి వాళ్ళింటికి భోజనానికి వచ్చింది. పులిహోర తిని, డ్వైట్ గురించి మూడు గంటలు చెప్పింది. ఇంకో రెండేళ్ళు బతికి, కూతురింట్లో నిద్రలో పోయింది. ఇవన్నీ అయ్యాక కూడా ప్రేమజ్యోతి ఆ ఇంటి దారిన వెళ్ళేది కాదు. దెయ్యం లేదని తన చేత్తో నాడి పట్టి చూసిన మనిషి, ఎందుకు వెళ్ళదూ అని అడిగితే, ఆ రాత్రి కార్లో జరిగిన ఇంకో ముక్క చెప్పేది.

ఉత్తరం సంగతి అయ్యేసరికి పట్టాలు దగ్గరకొచ్చాయి. అప్పుడు అడిగింది ఆమె.

"ఏవండీ, మీరు వచ్చేటప్పుడు దార్లో ఏదైనా కారు ఎదురైందా? పోలీసు కారు లాంటిది?"

"లేదే. ఏం?"

"మీకంటే గంట ముందు ఒక కారు వచ్చింది. ఇద్దరు దిగారు. నేనే తెలివితక్కువగా పంపేశాను."

సుందర్ రాజ్ బ్రేకు మీద కాలు పెట్టాడు. బండి మెల్లగా అయింది.

"గంట ముందా? ఎలా వస్తుంది?"

"అంటే?"

"మేం వచ్చేసరికి పట్టాల మీద గూడ్సు బండి ఆగిపోయి ఉంది జ్యోతీ. రోడ్డుకి అడ్డంగా. ముందెక్కడో చెట్టు పడిందట. మేం నలభై నిమిషాలు దాని అవతల నిలబడ్డాం. లాంతరు పట్టుకుని ఒక రైలు మనిషి తిరుగుతుంటే అడిగాను కూడా. పావు తక్కువ పన్నెండు నుంచీ ఇక్కడే ఉంది, ఒక్క కారు కూడా దాటలేదు అన్నాడు. అది కదిలాక దాటిన మొదటి బండి మాదే."

"వాగు వైపు నుంచి..."

"వంతెన మీద నడుములోతు నీళ్ళున్నాయి అమ్మా," అన్నాడు ఆమోసు. "మేమే చూశాం."

వైపర్లు కొట్టుకుంటున్నాయి. ముసలామె నిద్రలో బరువుగా ఊపిరి తీస్తోంది.

"జ్యోతీ," అన్నాడు సుందర్ రాజ్, చాలా మెల్లగా. "వాళ్ళు ఎవరి కోసం అడిగారు?"

ప్రేమజ్యోతి ముందు సీటు మీదుగా చెయ్యి చాచి, ఆమోసు భుజం గట్టిగా పట్టుకుంది. డర్హమ్ వచ్చేదాకా వదల్లేదు.